తాతయ్య చెవి మిషను ఎంత తింటుంది?

నేను డిప్లొమాలో చేరిన ఏడు మా నాన్న బంగారు కమ్మలు చేయిస్తానంటే, కమ్మలొద్దు, కరెంటు కొలిచే మల్టీమీటరు కొనిపెట్టమని పేచీ పెట్టాను. అమ్మ నెత్తి బాదుకుంది. "పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు నీ చెవులు చూస్తారా, నీ మీటరు చూస్తారా?" అంది. వాళ్ళేం చూసినా సరే, నేను మాత్రం పెళ్ళికొడుకు వాచీలో సెల్లు బతికుందో లేదో చూసి చెప్తానన్నాను. చివరికి తెనాలి మార్కెట్టు దగ్గర రేడియో కొట్టులో మీటరు కొన్నారు. నా చెవులకి ఆ ఏడంతా ఇత్తడి దిద్దులే గతి.

మా ఇల్లు తెనాలి. చదువు బాపట్లలో, హాస్టల్లో ఉండి. అది ఎనభైల చివర. ఎలక్ట్రానిక్స్ క్లాసులో ఆడపిల్లలం అందరం కలిసినా ఒక్క బెంచీ నిండేది కాదు. అయితేనేం, సొంత మీటరున్నది మాత్రం క్లాసు మొత్తానికి నా ఒక్కదానికే. ఆ గర్వం నేనెక్కడా దాచుకోలేదు.

అది ముల్లు మీటరు. నల్ల డబ్బా, మధ్యలో తిప్పే మీట, ఎర్ర తీగొకటి, నల్ల తీగొకటి. మొదటి రోజే దాని పరువు తీశాను. హాస్టల్లో అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఈ టార్చి సెల్లులో కరెంటెంతుందో చెప్తా చూడండంటూ, మీటను కరెంటు వైపు తిప్పి రెండు తీగలూ సెల్లు రెండు కొసలకీ ఆనించాను. ముల్లు ఒక్క ఎగురు ఎగిరి అవతలి అంచుకి టప్పున కొట్టుకుంది. లోపల ఫ్యూజు కాస్తా హరీమంది. మర్నాడు మా లెక్చరరు గారు నవ్వాపుకోలేక, "వోల్టేజీ అయితే పక్కన నుంచుని అడిగినా చెప్తుందమ్మా. కరెంటు అలా కాదు. దారి తెంపి, తెగిన చోట నువ్వెళ్ళి అడ్డంగా కూర్చోవాలి. అది నీలోంచే పోవాలి" అన్నారు. వెళ్ళి అడ్డంగా కూర్చోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కనుక, ఆ పాఠం ఇట్టే పట్టుబడింది.

దానికి ఒక పనిముట్టు నేనే తయారుచేసుకున్నాను. పాత శుభలేఖ అట్టను వేలెడు ముక్క కత్తిరించి, రెండు వైపులా పల్చటి రాగి రేకు అంటించి, ఒక్కో రేకుకీ ఒక్కో తీగ సోల్డరింగ్ చేశాను. సెల్లుకీ దాని కొసకి తగిలే స్ప్రింగుకీ మధ్య ఈ అట్టముక్క దూరిస్తే చాలు, దారి అక్కడ తెగుతుంది. ఆ రెండు తీగలూ మీటరుకి తగిలిస్తే కరెంటు చచ్చినట్టు మీటరులోంచి తిరిగి రావాలి. ఏ వస్తువునీ విప్పక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. ఇంక చూస్కోండి నా సామిరంగా, సెలవులకి ఇంటికొస్తే సెల్లున్న ప్రతిదాని వెంటా పడ్డాను. గోడ గడియారానికి పెడితే సెకనుకోసారి ముల్లు ఉలిక్కిపడేది. నాన్న క్యాలిక్యులేటరుకి పెడితే కదిలిందా లేదా అన్నట్టుండేది. అమ్మ ట్రాన్సిస్టరుకి పెడితే వార్తలకి ఒక రకంగా, నాదస్వరానికి ఇంకోరకంగా ఎగిరేది. గొంతు పెంచితే ఎక్కువ తింటుంది, తగ్గిస్తే తక్కువ తింటుందని కళ్ళారా చూడటం నాకు భలే సరదా. అమ్మ మాత్రం, "రేడియో విననివ్వవేంటే, దానికి రక్తపరీక్ష చేస్తావేంటి ఎప్పుడూ!" అని కసిరేది.

ఒక వేసవిలో ఈ సరంజామా అంతా సంచీలో వేసుకుని రేపల్లె వెళ్ళాను. అక్కడ అమ్మమ్మా, తాతయ్యా ఉండేవారు. తాతయ్య కాలవల డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాడు. అమ్మమ్మ క్రైస్తవ మిషనరీల బడిలో టీచరుగా చేసి రిటైరయ్యింది. తాతయ్యకి రిటైరవకముందే వినికిడి మందగించింది, తరవాత్తరవాత దాదాపు పోయింది. గుంటూరులో చెవి మిషను కొన్నారు. ఇప్పట్లా చెవిలో ఇమిడిపోయేది కాదది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా చొక్కా జేబులో ఉంటుంది, దాన్నుంచి ఒక తీగ చెవిలోకి పోతుంది. మైకు ఉండేది డబ్బాలోనే కాబట్టి, తాతయ్యతో మాట్లాడదల్చుకున్నవాళ్ళు ఆయన మొహం వదిలేసి జేబులోకి వంగి మాట్లాడేవారు. పాలవాడు రోజూ ఆ జేబుకి నమస్కారం పెట్టి, పాలు పోసి పోయేవాడు.

అమ్మమ్మ సంగతి వేరు. చర్చిలో స్త్రీల సమాజానికి ప్రతి శనివారం ఆమే వాక్యం, అంటే బైబిలు బోధ, చెప్పేది. పుస్తకంలో ఉన్నది చదివేసి కూర్చునే రకం కాదు. మన ఇళ్ళల్లోంచి, వంటిళ్ళల్లోంచి కథలు తీసి చెప్పేదిట. దాని కోసం వేరే పేటల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవారని విన్నాను. ముందురోజు సాయంత్రం అదంతా తాతయ్యకి అప్పజెప్పేది. వరండాలో తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, తాను స్టూలు వెనకాల నుంచుని, ముసుగు సర్దుకుని, "ప్రియమైన సహోదరీలారా" అని మొదలెట్టేది. ఆ ఒక్క సహోదరుడూ కదలకుండా కూర్చుని, తలాడిస్తూ, అంతా అయ్యాక "భేష్!" అనేవాడు. ఆ భేష్ అందితేనే అమ్మమ్మ కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళేది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి.

ఆ వేసవిలో అమ్మమ్మ హడావుడిగా ఉంది. తెనాలిలో చుట్టుపక్కల చర్చిల ఆడవాళ్ళందరికీ కలిపి పెద్ద కూటం. అందులో వాక్యం చెప్పడానికి రేపల్లె నుంచి ఈవిడను పిలిచారు. పట్టుచీర తీసి ఎండలో వేసింది, మళ్ళీ మడిచి పెట్టింది, మళ్ళీ తీసింది. "అంతమంది ముందు నేనేం చెప్పగలనే! తెనాలోళ్ళు ఊరికే నవ్వుతారు. మీ తాతయ్య బాగుందంటే వెళ్తా, లేకపోతే జొరమొచ్చిందని కబురుపెడతా" అంది నాతో. అబద్ధం చెప్పడం పాపమని ఊరందరికీ చెప్పే మనిషి జొరం సంగతి ముందే సిద్ధం చేసుకుందంటే ఎంత భయపడిందో నాకర్థమైంది.

ఈలోగా నా మీటరు సంగతి వీధిలో పాకింది. ఎదురింటి మాస్టారు వచ్చారు. ఆయనా చెవిటివాడే. ఆయనా తాతయ్యా కలిసే గుంటూరు వెళ్ళి ఒకే రకం మిషన్లు కొనుక్కున్నారు. ఆయన బాధల్లా ఒకటే. "అమ్మాయ్, నా మిషనుకి సెల్లు వారం ఆగి చావట్లేదమ్మా. మీ తాతగారిది చూడు, రెణ్ణెల్లొస్తంది. కొట్టువాడు నాకు లోపం సరుకు అంటగట్టాడేమో చూసిపెట్టవా?"

ఈ మాటకి అమ్మమ్మ మొహం వెలిగింది. "ఆయనకి ఏ వస్తువైనా చేతిలో పదిలంగా ఉంటుందండీ" అంది. తాతయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు అప్పుడు నాకు వినయంలా కనపడింది.

రెండు మిషన్లూ బల్లమీద పక్కపక్కన పెట్టి కూర్చున్నాను. రెంటిలోనూ కొత్త పెన్సిల్ సెల్లు వేసి, అట్టముక్క దూర్చి, ముందు మాస్టారిది చూశాను, తరవాత తాతయ్యది. స్విచ్చికీ గొంతుకీ కలిపి ఉన్న చక్రం ఒకేచోట పెట్టి, ఒకటే మాట రెండు డబ్బాల దగ్గరా అన్నాను. ముల్లు రెండుసార్లూ ఒకే గీత దగ్గర నిలబడింది, ఒకే ఎత్తు ఎగిరింది. వెంట్రుకవాసి తేడా లేదు. నమ్మకం చాలక సెల్లులు మార్చి చూశాను, తీగలు తుడిచి చూశాను. ఊహూఁ. ఆ ముల్లు చెప్పే లెక్కన పొద్దున్నుంచి పడుకునేదాకా పెట్టుకుంటే ఆ సెల్లు వారం, మహా అయితే పది రోజులు. మాస్టారి మిషను సుబ్బరంగా ఉంది. రెణ్ణెల్లు వచ్చే మిషనే, లెక్క ప్రకారం, అసంభవం.

మిషను తినేది ఒకటే అయినప్పుడు, ఒకడికి వారం, ఒకడికి రెణ్ణెల్లు వస్తోందంటే, రెండోవాడు దానికి అన్నం పెట్టట్లేదన్నమాట. అంటే తాతయ్య రోజులో చాలాభాగం స్విచ్చి తీసేసి కూర్చుంటున్నాడు! నేను తలెత్తి చూశాను. తాతయ్య నా వంకే చూస్తున్నాడు. చటుక్కున చూపు తిప్పుకుని, గోడ మీద బల్లిని శ్రద్ధగా పరిశీలించడం మొదలెట్టాడు.

మాస్టారికి మాత్రం, "మీ మిషనుకేం లోపం లేదండి, మీరు ఎక్కువ వింటున్నారు, అంతే" అన్నాను. "ఏం చేస్తామమ్మా, మా ఆవిడ మాట్లాడుతూనే ఉంటదిగా" అని నిట్టూర్చి, పాపం ఆ మనిషి డబ్బా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నేను కళ్ళు మూసుకోలేదు. మా అమ్మమ్మ ప్రార్థన అంటే చుట్టాలందరినీ పేరుపేరునా, వాళ్ళ రోగాలతో సహా దేవుడికి గుర్తుచేసే కార్యక్రమం. అందరూ కళ్ళు మూసుకుని ఉండగా, తాతయ్య చెయ్యి నెమ్మదిగా గుండె మీదికి వెళ్ళింది. చూసేవాళ్ళకి భక్తి. బొటనవేలు మాత్రం జేబులోకి దూరి చక్రాన్ని తిప్పింది. ఇంక ఆయన మొహంలో ప్రశాంతత చూడాలి! అమ్మమ్మ తెనాలి చుట్టాలు దాటి, బాపట్ల చుట్టాల మీదికి వచ్చేసరికి ఆయన చిన్న కునుకు కూడా తీశాడు. చివర్లో ఒక కన్ను ఇంత తెరిచి, అమ్మమ్మ గడ్డం పైకెత్తడం కనిపెట్టి, సరిగ్గా సమయానికి "ఆమెన్" అన్నాడు. ఆ తెరిచిన కంటికి నా రెండు కళ్ళూ ఎదురయ్యాయి. ఆమెన్ సగంలో వణికింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రార్థన సంగతి దేవుడూ ఆయనా చూసుకుంటారు. అమ్మమ్మ అప్పజెప్పేటప్పుడు కూడా ఇదే వరసా? అన్ని శుక్రవారాలు, అన్ని భేష్‌లు! ఆవిడ తెనాలి వెళ్ళడమా మానడమా అన్నది ఆ భేష్ మీదే ఆధారపడి ఉంటే, ఈయనగారు వినకుండానే ముద్ర కొట్టేస్తున్నాడు. ఈ సంగతి అమ్మమ్మకి తెలిస్తే తెనాలి మాట దేవుడెరుగు, స్టూలు వెనకాల మళ్ళీ నిలబడదని నా భయం.

నిలదీద్దామంటే అదొక చిక్కు. చెవిటివాడితో రహస్యం ఎక్కడ మాట్లాడతాం? ఇంట్లో మాట్లాడితే వీధి చివరిదాకా వినపడుతుంది. మర్నాడు పొద్దున్నే రైలు చూద్దామని స్టేషనుకి తీసుకెళ్ళాను. రేపల్లె దగ్గర పట్టాలు అయిపోతాయి. వచ్చిన రైలు అక్కడే ఆగి ఆయాసపడుతుంటుంది. ఆ మోతలో ఎంత అరిచినా అడిగేవాడుండడు. బెంచీ మీద కూర్చోబెట్టి, జేబులో చెయ్యి పెట్టి స్విచ్చి నేనే వేసి, ఆ జేబులోకి వంగి అరిచాను.

"అమ్మమ్మ చెప్పేది ఎప్పుడైనా విన్నారా?"

"ఎందుకు వినలేదే! పెళ్ళైన దగ్గర్నుంచీ..."

"మిషను కొన్నాక?"

తాతయ్య ఇంజను వంక చూశాడు. "చూడవే పిల్లా. ఆ డబ్బాలోంచి అన్నీ కలిపి వస్తాయి. కాకి, గిన్నెలు, మీ అమ్మమ్మ, ఎడ్లబండి, అన్నీ ఒకటే మోత. బుర్ర వాచిపోద్ది. కాసేపు కట్టేస్తే ఎంత హాయిగా ఉంటదనుకున్నావ్! అయినా మీ అమ్మమ్మ ఏం చెప్పినా మంచే చెప్తది. మంచిదాన్ని భేష్ అనడానికి వినడమెందుకే?"

"బాగుంది వరస! తెనాలిలో ఆవిడ నవ్వులపాలైతే?"

"అవదు."

"వినకుండా ఎలా తెలుసు?"

"ఇవాళ రైలు టైముకే వచ్చిందే" అన్నాడు ఆయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, మిషనున్న చెవిటివాడితో ఇంకా కష్టం. వినపడనప్పుడు స్విచ్చి తీసేస్తాడు, వినపడినప్పుడు మాట మారుస్తాడు. నేను షరతు పెట్టాను. శుక్రవారం అమ్మమ్మ తెనాలి వాక్యం అప్పజెప్పేటప్పుడు మిషను వేసి ఉంచాలి, మొదటి నుంచి చివరిదాకా వినాలి, బాగుంటే బాగుందని, లేకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పాలి. అలా చేస్తే రెణ్ణెల్ల రహస్యం నా నోటివెంట రాదు. మాట మీద నిలబడతాడో లేదో మీటరు చెప్తుంది. తాతయ్య, "నిన్నెవడు చదివించమన్నాడే!" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

శుక్రవారం సాయంత్రం వరండాలో కుర్చీ, స్టూలు వేశాం. తాతయ్య జేబులోంచి చెవికి ఒక తీగ, అదే జేబులోంచి నా ఒళ్ళోని మీటరుకి రెండు తీగలు. "ఇవేంటే?" అంది అమ్మమ్మ. "సెల్లు పరీక్ష" అన్నాను. "నీ పరీక్షలు తగలెయ్య, నాకసలే కాళ్ళు వణుకుతున్నాయి" అని ముసుగు సర్దుకుంది.

"ప్రియమైన సహోదరీలారా" అనగానే ముల్లు లేచి నిలబడింది. అమ్మమ్మ గొంతు పెంచితే ముల్లు పైకి, తగ్గిస్తే కిందికి. ఆవిడ మాట నా ఒళ్ళో నాట్యం చేస్తున్నట్టుంది. ఒకచోట ముల్లు ఠక్కున సున్నాకి పడిపోయింది. చూస్తే తాతయ్య చెయ్యి గుండె మీద ఉంది. మోచెయ్యి మీద ఒక్కటి గిల్లాను. ముల్లు మళ్ళీ లేచింది. ఇంకోసారి పడింది, ఇంకోసారి గిల్లాను. అమ్మమ్మ భక్తావేశంలో ఉంది కనుక చూడలేదు.

అప్పుడు అమ్మమ్మ కథలోకి దిగింది. "మా ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడమ్మా. చెవుడు. మంచి శుక్రవారం నాడు అందరం ఉపవాసం. ఆయన కూడా ఉపవాసమే. మధ్యాన్నం అందరూ ప్రార్థనలో ఉండగా మెల్లగా లేచి, పిల్లిలా నడిచి, వంటింట్లోకి పోయి, రేకు డబ్బా మూత తీశాడు. ఆ మూత సంగతి మీకు తెలుసుగా, తీస్తే ఊరంతా మోత! ఆయనకి వినపడలేదు. జంతిక తీసి కరకరా నమిలాడు. అదీ ఆయనకి వినపడలేదు. మూత పెట్టి, మూతి తుడుచుకుని, వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చప్పుడే చెయ్యలేదని ఆయన నమ్మకం. మనమూ అంతేనమ్మా. మనం చేసిన తప్పు మోత మనకి వినపడదు. వినపడలేదు కాబట్టి పైవాడికీ వినపడలేదనుకుంటాం."

నేను పెదవులు కొరుక్కుంటూ తాతయ్య వంక చూశాను. చెవులు రెండూ దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. చెయ్యి జేబు వైపు లేచింది, నా గోళ్ళు చూసి మళ్ళీ దిగింది. అమ్మమ్మ ముగించి, ముసుగు తీసి, చేతులు నలుపుకుంటూ నిలబడింది. "ఎలా ఉందండీ?"

భేష్ రాలేదు. అమ్మమ్మ మొహంలో జొరం కబురు మొదలవుతోంది. "బాలేదా అండీ?" అంది చిన్న గొంతుతో. ఆ గొంతుకి ముల్లు కొద్దిగానే కదిలింది.

తాతయ్య ఆవిడ మొహం వంక చూశాడు. "భేష్" అన్నాడు.

ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి పెరటి చివరికి వెళ్ళగానే నా మీద విరుచుకుపడ్డాడు, సైగలతోనూ, చెవిటివాళ్ళు గుసగుస అనుకునే ఆ గావుకేకతోనూ. "అందుకా! ఆ మాస్టారి భార్య కనపడినప్పుడల్లా జంతికలు పంపమంటారా అండీ అంటది! ఇన్నేళ్ళూ రేపల్లె ఆడాళ్ళంతా నన్ను చూసి నవ్వుతున్నారా? రేపు తెనాలిలోనా? మా అక్క ముందు వరసలో కూర్చుంటదే! పుట్టిపెరిగిన ఊరే అది నాకు! నువ్వే చెప్పు, ఆ ముక్క తీసేయమను."

"నేనేం చెప్పను తాతయ్యా? తాతయ్యకి నచ్చలేదని చెప్పనా? మరి ఇన్నాళ్ళూ భేష్ అన్నారేమంటుంది. ఇన్నాళ్ళూ వినలేదని చెప్పనా?"

తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు. అంత హాయి అనుభవించిన మనిషికి ఆ మాత్రం శాస్తి జరగాల్సిందేనని అప్పుడు నాకు మహా సంతోషం వేసింది. అయితే రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మ పట్టుచీర రంగు గురించి మూడు రకాలుగా అడుగుతుంటే, ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పడం చూసి, ఈ ముసలాయన ఏం చేయబోతున్నాడా అని నాకూ దిగులు పట్టుకుంది.

మర్నాడు తెనాలి చర్చి నిండిపోయింది. ఎటు చూసినా తెల్లచీరలు, జరీ అంచులు, విసనకర్రలు, వాటి మధ్యలో ఎక్కడో మా అమ్మ. మగవాళ్ళు వెనకాల గోడవార నాలుగు కుర్చీల్లో. అందులో తాతయ్య ఒకడు, జేబు మీద చెయ్యేసుకుని. పక్కన నేను, ఈసారి మీటరు లేకుండా. ముందు వరసలో తాతయ్య అక్క, కర్ర ఒళ్ళో పెట్టుకుని, కోర్టులో జడ్జిలా కూర్చుంది.

అమ్మమ్మ లేచింది. మొదటి మాటలు తడబడ్డాయి. తరవాత గొంతు దొరికింది. కథ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, అంతమంది తలల మీదుగా వెనక గోడ వైపు చూసింది. నేను తాతయ్య జేబు వంక చూశాను. బొటనవేలు చక్రం మీదే ఉంది. తిప్పాడు. కట్టేశాడేమో అనుకున్నాను. కాదు, గొంతు పెంచాడు. చెవిలోంచి కీచుమని మోత నాక్కూడా వినపడింది.

"మా ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడమ్మా" అంది అమ్మమ్మ. డబ్బా మూత దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలు ఆగిపోయాయి. జంతిక కరకర దగ్గరికి వచ్చేసరికి చర్చి అంతా ఘొల్లుమంది. తాతయ్య అక్క కర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వుతూ వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. ఆవిడ చూడటంతో అందరూ చూశారు.

తాతయ్య లేచి నిలబడ్డాడు. నేను చొక్కా పట్టుకు లాగాను, ఆగలేదు.

"జంతికలు కాదే!" అన్నాడు. చెవిటి గొంతు గదా, మైకక్కర్లేదు. "సున్నుండలు! జంతికలు నమలడానికి నాకు పళ్ళేయి? చెప్పేదేదో సరిగ్గా చెప్పు!"

చర్చిలో ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అమ్మమ్మ ఒక్కతే నవ్వలేదు. నోరు కొంచెం తెరుచుకుని, తాతయ్య జేబు వైపే చూస్తూ ఉండిపోయింది. ఎంతమంది ముందైనా మాట తడుముకోదని పేరున్న మనిషికి మాట దొరకడానికి చాలాసేపే పట్టింది. తరవాత, "సరే, సున్నుండలే" అని ముగించింది. బయటికి వస్తుంటే ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం రేపల్లె పాసింజరెక్కాం. అమ్మమ్మ కిటికీ పక్కన, ఆమె పక్కన తాతయ్య, ఎదురు బెంచీలో నేను. అంత ఘనంగా జరిగాక రేపల్లె దాకా నోరు మూతపడదనుకున్నాను. తెనాలి వెనకబడింది, చేలు వచ్చాయి, ఆవిడ ఒక్క మాటా అనలేదు. కిటికీలోంచి చూస్తూనే ఉంది. గుట్టు రట్టయింది, ఇన్నాళ్ళూ ఆయన వినలేదని తెలిసిపోయి ఆవిడ మనసు విరిగిందనుకుని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముందుకి వంగి, "అమ్మమ్మా, తాతయ్య మీద కోపమొచ్చిందా?" అన్నాను.

"కోపమెందుకే?"

"ఇన్నాళ్ళూ వినకుండానే భేష్ అన్నారని..."

అమ్మమ్మ నా వంక జాలిగా చూసింది. "పిచ్చిమొహమా, ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా? వింటే ఊరుకునే మనిషా ఆయన? వినట్లేదనేగా ఆ కథ చెప్పింది!" అంది. ఆయన వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించింది. "చెవులున్నప్పుడు నన్నొక్క మాట పూర్తిగా చెప్పనిచ్చాడా? సగంలో ఆపి, అది కాదు ఇది అనేవాడు. ఆ చెవులు పోయాకే నేను నుంచుని మాట్లాడ్డం నేర్చుకున్నా. ఎదురుగా మనిషుండాలి, మధ్యలో ఆపకూడదు. అంతకన్నా ఏం కావాలి చెప్పు? ఆయన బాగుందంటే తెనాలి వెళ్తానన్నదీ, ఎలాగూ అంటాడనేగా! నిన్న నీ వైర్లు పెట్టినప్పుడు భేష్ ఆలస్యంగా వచ్చింది. విన్నాడని అప్పుడే అనుమానమొచ్చింది. విని కూడా అన్నాడు గదా, సరే, ఏం చేస్తాడో చూద్దామని ఇవాళ చెప్పేశా."

"మరి ఇంకేం? ఎందుకలా ఉన్నావు?"

"ఇప్పుడు వింటున్నాడే" అంది అమ్మమ్మ. "ఇన్నాళ్ళూ నోటికొచ్చింది అనేశాను. ఇప్పుడు వింటున్నాడు. ఏం మాట్లాడాలో తోచట్లా."

మా మాటలు రైలు మోతలో తాతయ్యకి అందినట్టు లేదు. ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, జేబులోంచి డబ్బా తీసి, అమ్మమ్మ వైపు పట్టుకున్నాడు.

"ఏంటి, మాట్లాడవేం?" అన్నాడు.

అమ్మమ్మ ముసుగు సర్దుకుంది. అరవై దాటిన మనిషి, ఎంతమంది ముందో వాక్యం చెప్పొచ్చిన మనిషి, కొత్త పెళ్ళికూతురిలా మొహం అటు తిప్పుకుని, ఇటు తిప్పుకుని, చివరికి ఆ డబ్బా మీదికి వంగి ఏదో మొదలెట్టింది. చక్రాల మోతలో నాకొక్క ముక్కా వినపడలేదు. వేమూరు వచ్చింది, భట్టిప్రోలు వచ్చింది, ఆవిడ చెప్తూనే ఉంది. తాతయ్య మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.